ఛాయలో కలిసిన నాదం

నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లుకు వచ్చే యాత్రికులు అర్చకులను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: “స్వామీ, ఆ నీడ ఏ స్తంభానిది?”

ఛాయా సోమేశ్వరాలయంలో లింగమూర్తి వెనుక గోడపై ఒక స్తంభాకారపు నీడ పగలంతా నిలిచి ఉంటుంది. సూర్యభగవానుడు తూర్పు నుండి పడమటికి తన దారిన తాను సాగిపోతాడు. నీడ మాత్రం కదలదు. చూడవచ్చినవారు మంటపంలోని స్తంభాల నడుమ అటూ ఇటూ తిరుగుతారు. ఒక్కొక్క స్తంభాన్ని తాకి చూస్తారు. గర్భాలయ ద్వారానికి ఎదురుగా నిలబడి లెక్కలు వేస్తారు. చివరకు తేలేది ఏమంటే, అది ఏ ఒక్క స్తంభానిదీ కాదు. మంటపంలోకి పలువైపుల నుండి వచ్చే వెలుతురును అడ్డుకొన్న పలు స్తంభాల నీడలు స్వామి వెనుక ఒక్కచోట కలిసి, ఏకఛాయగా నిలుస్తున్నాయి. కుందూరు చోడుల కాలంలో, సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందట ఆ రాళ్లను నిలబెట్టిన శిల్పుల పేర్లు మనకు తెలియవు. వారు నిలిపిన స్తంభాలు కూడా ‘ఈ నీడ నాది’ అని చెప్పుకోవు.

ఈ నీడను మరల ఒకసారి తలపోయడానికి కారణం ఒక వాద్యసంగీతం. గత కార్తీకంలో ఒకనాటి సాయంసంధ్య ముగిసిన తరువాత, నా వద్ద వేదం చెప్పుకొనే కుర్రవాడు సెల్‌ఫోను చేతబట్టుకొని వచ్చాడు.

“గురువుగారూ, కోప్పడకుండా ఒక్కసారి ఇది వినండి.”

“ఏమిటి నాయనా అది?”

“మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారిదండీ. ఎలక్ట్రానిక్ సంగీతం చేసే ఒక కెనడా ఆయనతో కలిసి వాయించారు. 1995లో వచ్చిందట. నేను అప్పటికి పుట్టనే లేదు.”

కోపం రాలేదు గానీ, వినాలన్న కోరికా కలుగలేదు. విద్యుత్తుతో పలికే నాదం పట్ల నాకు చాలాకాలంగా వైముఖ్యం ఉంది. దానికి ఒక కారణమూ ఉంది. ఆ కారణంలో నా తప్పిదం కూడా ఉన్నది కనుక, దానిని ఈ వ్యాసంలో తగిన చోట ఒప్పుకొంటాను. మొదట ఆ సంగీతం గురించి, దానిని సృష్టించినవారి గురించి చెప్పుకోవడం న్యాయం.

క్షీరారామ క్షేత్రంలో పుట్టిన బాలుడు

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. పంచారామాలలో ఒకటైన క్షీరారామం వెలసిన పుణ్యక్షేత్రం అది. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాద్యకారులు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో ఆ బాలుడు చేతికి తీసుకున్నాడు. తండ్రి ఆ చేతిలోని విశేషాన్ని గుర్తించి, తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు. సుబ్బరాజు గారు మహావిద్వాంసులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. గురువు గొంతెత్తి పాడేవారు, శిష్యుడు దానిని తీగపై పలికించేవాడు. వేదపాఠంలో సంత చెప్పే పద్ధతి తెలిసినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. గురువు ఒకమారు పలుకుతాడు, శిష్యుడు రెండుమార్లు పలుకుతాడు. అక్షరం పుస్తకం నుండి రాదు, గురుముఖం నుండి వస్తుంది. పరదేశపు వాద్యమైన మాండలిన్‌లోకి కర్ణాటక సంగీతం అదే దారిన ప్రవేశించింది. గొంతులోని గమకం శిష్యుని వేలికి దిగింది.

1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. 1981లో మద్రాసు డిసెంబరు ఉత్సవాలలో ప్రవేశం. 1983లో, పద్నాలుగేళ్ల ప్రాయంలో, జర్మనీలోని బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ. 1998లో పద్మశ్రీ. వాద్యం పేరే ఆయన ఇంటిపేరై, లోకమంతా ‘మాండలిన్ శ్రీనివాస్’ అని పిలిచింది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే, చెన్నైలో ఆయన పరమపదించారు.

తీగ తీగయే

శ్రీనివాస్ గారి మాండలిన్ విద్యుత్ మాండలిన్. ఈ మాట వినగానే మా తరం వారిలో చాలామందికి మనసు ముడుచుకుంటుంది. కనుక ఆ పనిముట్టు ఎట్లా పలుకుతుందో తెలుసుకోవాలి.

మామూలు మాండలిన్‌కు రెండేసి చొప్పున నాలుగు జతల తీగలు, అంటే ఎనిమిది తీగలు ఉంటాయి. మీటగానే ‘టింగు’మని పలికి, నాదం వెంటనే ఆరిపోతుంది. అందుకే దానిని వాయించేవారు చేతిని వడివడిగా ఆడిస్తూ ఆ ఖాళీని పూరిస్తారు. మన రాగాలకు అది చాలదు. తోడి రాగంలోని గాంధారం ఊగాలి, శంకరాభరణం నిదానంగా విచ్చుకోవాలి. తీగ మీటిన తరువాత కూడా నాదం కొంతసేపు బతికి ఉంటేనే అది సాధ్యం. పైగా జంటతీగలను కలిపి లాగితే రెండూ ఒకే తీరున లొంగవు. అందువల్ల శ్రీనివాస్ జంటతీగలను విడిచి ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించారు.

తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. పైన ఉక్కుతీగ కంపించినప్పుడు ఆ అయస్కాంత క్షేత్రం కదిలి, రాగితీగలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును పెద్దది చేస్తే స్పీకరులో నాదం వినబడుతుంది. అనగా కంపించేది తీగయే, దానిని కదిలించేది వేలే. విద్యుత్తు చేసే పని మోసుకొనిపోవడం మాత్రమే.

భరతముని నాట్యశాస్త్రంలో వాద్యాలను నాలుగుగా విభజించాడు. తీగతో పలికేది తతం. చర్మం కప్పినది అవనద్ధం. కంచు మొదలైన లోహాలతో మోగేది ఘనం. ఊపిరితో పలికేది సుషిరం. ఈ విభాగం ప్రకారం శ్రీనివాస్ వాద్యం నిస్సందేహంగా తతమే. వీణకు మైకు తగిలించినంత మాత్రాన అది వీణ కాకుండా పోదు కదా!

పరదేశపు వాద్యం అన్న ఆక్షేపణ కూడా నిలువదు. ఈనాడు కర్ణాటక సంగీత కచేరీలో పక్కవాద్యంగా తప్పనిసరి అయిన వయొలిన్ ఐరోపా నుండి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి మన సంగీతానికి మలిచారు. ముత్తుస్వామి దీక్షితుల వారు మద్రాసులో ఆంగ్లేయుల బ్యాండు వరుసలను విని, వాటికి సంస్కృతంలో దేవతాస్తుతులు కూర్చారు. అవే నొట్టుస్వరాలు. శ్రీవిద్యోపాసకులైన ఆ మహానుభావుడు పరాయి బాణీని వినడానికి జంకలేదు. విన్నదానిని దేవీపాదాల వద్దకు తెచ్చాడు. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విన్నవారెవరూ దానిని పరదేశపు నాదం అనుకోలేదు. మరొకవైపు హార్మోనియం సంగతి చూడండి. అది మన భజన మందిరాలలో, నాటకాలలో స్థిరపడిపోయినా, ఆకాశవాణి దానిని 1940 నుండి 1971 వరకు బహిష్కరించింది. గమకం పలుకదన్నదే ప్రధానమైన ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో బలం లేకపోలేదు. కనుక ఏ వాద్యానికైనా మనం వేయవలసిన ప్రశ్న ‘ఎక్కడ పుట్టావు?’ అన్నది కాదు. ‘రాగానికి లొంగుతావా?’ అన్నది.

ఆరిపోని తీగ

ఇప్పుడు ఆ కెనడా సంగీతకారుని గురించి. ఆయన పేరు మైకేల్ బ్రూక్. గిటారు వాద్యకారుడు, ఎలక్ట్రానిక్ పరికరాలతో నాదాన్ని మలిచే నేర్పరి. ‘ఇన్ఫినిట్ గిటార్’ అనే ఒక వాద్యాన్ని ఆయన రూపొందించాడు. మన భాషలో ‘అనంత తంత్రి’ అనుకోవచ్చు. తీగ కంపనం నుండి పుట్టిన విద్యుత్తును పెద్దది చేసి, మరొక అయస్కాంతపు చుట్ట ద్వారా మళ్లీ అదే తీగకు అందిస్తాడు. తన నాదమే తనకు ఇంధనమై తీగ ఆరిపోకుండా పలుకుతూ ఉంటుంది. అఖండదీపంలో నూనె పోస్తూ ఉన్నట్లు అన్నమాట.

ఇంగ్లండులో బాక్స్ అనే పల్లెటూరిలో పీటర్ గేబ్రియల్ అనే గాయకుడు నెలకొల్పిన రియల్ వరల్డ్ అనే సంస్థ ఉంది. వివిధ దేశాల సంగీతకారులను ఒకచోట చేర్చి ధ్వనిముద్రణ చేయడం దాని విశేషం. ఆ సంస్థ 1994లో శ్రీనివాస్ గారి ‘రామ శ్రీరామ’ అనే సంపుటాన్ని వెలువరించింది. అది శుద్ధ కర్ణాటక సంగీతం. మరుసటి ఏడు, 1995లో, శ్రీనివాస్, మైకేల్ బ్రూక్ కలిసి చేసిన ‘డ్రీమ్’ వెలువడింది. ‘డ్రీమ్’ అంటే కల. నా శిష్యుడు తెచ్చి వినిపించినది ఇదే.

ఈ క్రమం నాకు ఎంతో నచ్చింది. ముందు రాముని సన్నిధిలో తన సంప్రదాయం ఏమిటో నిలబెట్టి చూపారు. ఆ తరువాతనే పరాయివారి నాదంతో కలిశారు. ఇల్లు కట్టుకున్నవాడు వాకిలి తెరిస్తే అతిథులు వస్తారు. ఇల్లే లేనివాడు వాకిలి తెరిస్తే గాలీ దుమ్మూ వస్తాయి.

విన్నాను. మొదట ఎక్కడో దూరంగా గాలివంటి ఒక ధ్వని లేచింది. అది ఏ వాద్యమో చెప్పలేం. ఆ పరుపు మీద మాండలిన్ తీగ పలికింది. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను, స్వరంతో వేదం చెప్పుకొనేవాణ్ణి. అయినా ఆ వేలిలో గురువు గొంతు వినబడింది. చుట్టూ ఎన్ని పరికరాలు ఉన్నా ఆ చేయి తొట్రుపడలేదు.

అయితే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇటువంటి దీర్ఘనాదాలను విని కొందరు ‘ఇదే అనాహత నాదం’ అని మురిసిపోతారు. అది పొరపాటు. పదమూడవ శతాబ్దంలో సంగీతరత్నాకరం రచించిన శార్ఙ్గదేవుడు నాదాన్ని ఆహతం, అనాహతం అని రెండుగా చెప్పాడు. ఒక వస్తువును మరొకటి తాకగా పుట్టేది ఆహతం. ఏ తాకిడీ లేకుండా యోగి హృదయంలో వినబడేది అనాహతం. ఎంతసేపు మోగినా, ఏ యంత్రం మోగించినా, చెవికి వినబడే నాదమంతా ఆహతమే. పొడవు పెరిగినంత మాత్రాన జాతి మారదు. కానీ ఆ శాస్త్రకారుడే మరొక మాట కూడా చెప్పాడు. సామాన్యులకు అనాహతోపాసన మనోరంజకం కాదు, ఆహతనాదమే శ్రుతి మొదలైన వాటి ద్వారా రంజింపజేసి భవబంధాన్ని తెంచే సాధనమవుతుందని ఆయన భావం. కనుక ఆహతాన్ని తక్కువ చేయనక్కరలేదు, ఎక్కువ చేసి చెప్పనూ అక్కరలేదు.

తెగిన మాట

మైకేల్ బ్రూక్ అంతకుముందు, 1990లో వెలువడిన ఒక సంపుటంలో, పాకిస్తాన్ దేశపు ప్రసిద్ధ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీఖాన్‌తో పనిచేశాడు. అప్పుడు జరిగిన ఒక సంగతిని బ్రూక్ స్వయంగా చెప్పుకొన్నాడు. ధ్వనిముద్రణ ముగిశాక పాటను కుదించడం కోసం కొన్ని చోట్ల కోశారు. బ్రూక్‌కు ఆ భాష రాదు. కొన్ని భాగాలు వట్టి ఆలాపనే అనుకున్నాడు. తీరా చూస్తే కత్తెర పడిన చోట అర్థవంతమైన పదాలు ఉన్నాయి. మాట నడుమ తెగి అర్థం పోయింది. గాయకుడు అందుకు అంగీకరించలేదు. బ్రూక్ తన తప్పు గ్రహించి సరిదిద్దుకొన్నాడు. ఉభయులకూ సమ్మతమైన రూపం అప్పుడు కుదిరింది.

ఇది చదివినప్పుడు, మతం ఏదైనా, ఆ గాయకుని బాధ నాకు బాగా అర్థమయింది. మాట నడుమ తెగితే ఏమవుతుందో వేదం చదివినవాడికి చెప్పనక్కరలేదు. త్వష్ట కథ మన ఇళ్లలో తెలిసినదే. ఇంద్రుని చంపగల కుమారుడు కావాలని త్వష్ట హోమం చేశాడు. అక్షరాలన్నీ సరిగానే పలికాడు. స్వరం ఒక్కటి స్థానం తప్పింది. ‘ఇంద్రుని చంపేవాడు’ అన్న అర్థం ‘ఇంద్రుని చేత చచ్చేవాడు’ అని తిరగబడింది. వృత్రుడు పుట్టాడు, ఇంద్రుని చేతనే హతుడయ్యాడు.

నేడు మంత్రాలను, స్తోత్రాలను డ్రమ్ముల మోతతో కలిపి, వరుస కుదరడానికి ఎక్కడ పడితే అక్కడ కోసి, ఒకే ముక్కను పదేపదే తిప్పే ధ్వనిముద్రణలు మార్కెట్టులో అనేకం ఉన్నాయి. వాటిని చేసేవారికి దురుద్దేశం ఉందని అనను. పక్కన తెలిసినవాడు లేకపోవడమే లోపం. బ్రూక్ పక్కన ‘ఇది తెంచకూడదు’ అని చెప్పగల గాయకుడు ఉన్నాడు. ఆ మాట వినే వినయం బ్రూక్‌కు ఉంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కలయిక కలయిక కాదు, కల్తీ అవుతుంది.

మువ్వురి గొంతులో ఒకే సామం

‘సంగీతం ఏకాంత ఉపాసన కదా, పదిమంది కలిసి చేస్తే అది ఉపాసన ఎట్లా అవుతుంది?’ అని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. దానికి సమాధానం సామవేదంలోనే ఉంది.

సోమయాగంలో సామగానం ఒక్కడు చేయడు. ఒక సామాన్ని అయిదు భాగాలు చేస్తారు. మొదటిదైన ప్రస్తావం ప్రస్తోత పాడతాడు. రెండవదైన ఉద్గీథం ఉద్గాత పాడతాడు. మూడవదైన ప్రతిహారం ప్రతిహర్త పాడతాడు. నాలుగవదైన ఉపద్రవం మళ్లీ ఉద్గాతది. చివరిదైన నిధనం ముగ్గురూ కలిసి పలుకుతారు. ఒకడు ఆపిన చోట మరొకడు అందుకోవాలి. ముందరివాడు ఎక్కడ శ్వాస విడుస్తాడో తరువాతివాడికి తెలియాలి. తన వంతు వచ్చేదాకా మౌనంగా వినడమే అతని మొదటి పని. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఉచ్చారణకు ఆరు అంగాలు చెబుతూ, చిట్టచివర ‘సంతానం’ అన్నది. ఇక్కడ సంతానమంటే బిడ్డలు కాదు. ఒకదానితో ఒకటి తెగకుండా కూడుకోవడం.

శ్రీనివాస్ గారి తరువాతి ప్రయాణం కూడా ఈ దారినే సాగింది. ఆంగ్లేయుడైన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, గాయకుడు శంకర్ మహదేవన్, ఘటం, కంజీర వాయించే సెల్వగణేశ్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన దేశదేశాలు తిరిగారు. 2008లో తమ్ముడు రాజేశ్‌తో కలిసి ‘సంజనిత’ అనే సంపుటాన్ని వెలువరించారు. ‘సం’ అనే ఉపసర్గకు ‘చక్కగా’ అనీ ‘కలిసి’ అనీ అర్థాలున్నాయి. కలిసి పుట్టినది సంజనిత. తోబుట్టువుతో చేసిన సంగీతానికి ఇంతకన్నా తగిన పేరు లేదు. ఆ బృందంలోని జాకీర్ హుస్సేన్ 2024 డిసెంబరులో కన్నుమూశారు. శ్రీనివాస్ అంతకు పదేళ్ల ముందే వెళ్లిపోయారు. ఒక్కొక్క స్తంభమే ఒరిగిపోతున్నది, కలిసి వేసిన నీడ మాత్రం ముద్రణలో నిలిచి ఉంది.

నగారా యంత్రం

ఇక నా తప్పిదం.

మా ప్రాంతంలోని ఒక ఆలయంలో, పేరు చెప్పడం భావ్యం కాదు, త్రికాల హారతులకు సన్నాయి, డోలు వాయించే ఒక కుటుంబం ఉండేది. వారికి ముట్టేది కొద్దిపాటి ధాన్యం, పండుగలకు వస్త్రం. కాలక్రమాన ధాన్యం ఆగింది. పిల్లలు పట్టణానికి పనులకు పోయారు. పెద్దాయన ఒక్కడే మిగిలాడు. మోకాళ్ల నొప్పులతో ఒకరోజు వస్తే ఒకరోజు రాలేకపోయేవాడు. అదే సమయంలో ఒక దాత కరెంటు నగారా యంత్రాన్ని సమర్పిస్తానన్నాడు. మీరందరూ చూసే ఉంటారు. ఒక చట్రంలో నగారా, గంటలు, తాళాలు అమర్చి ఉంటాయి. మీట నొక్కితే మోటారు తిరిగి అన్నీ ఒక్కసారిగా మోగుతాయి. పెద్దలు కూర్చొని ఆలోచించారు. అంగీకరించిన వారిలో నేనూ ఒకణ్ణి. ‘దేవునికి వాద్యోపచారం లోపించకూడదు కదా’ అన్నది నా వాదన.

పెద్దాయన దెబ్బలాడలేదు. యంత్రం మోగిన తొలిరోజు మెట్ల మీద కూర్చొని విన్నాడు. నేను బయటికి వచ్చినప్పుడు లేచి నిలబడి, “మంచిగనే ఉంది అయ్యగారూ. మిషన్‌కు శ్రుతి కలుపుకునే పని లేదు గద. మాకు దినాం పొద్దుగాల లేస్తే అదే పని” అన్నాడు. నిష్ఠూరంగా అన్నాడో, నిజంగానే అన్నాడో అప్పుడు నాకు బోధపడలేదు. ఆ తరువాత ఆయన హారతి వేళకు రావడం మానేశాడు. రెండేళ్లకు కాలం చేశాడు.

ఒక మాఘమాసపు సాయంత్రం హారతి నడుమ కరెంటు పోయింది. యంత్రం ఆగిపోయింది. పళ్లెంలో కర్పూరం వెలుగుతూనే ఉంది. నలభై యాభై మంది భక్తులు ఉన్నారు. ఒక్కరూ చప్పట్లు తట్టలేదు. ఒక్కరూ గొంతెత్తి నామం పలుకలేదు. పక్కనే వేలాడుతున్న గంటను ఒక్కరూ తాకలేదు. అందరూ గోడవైపు తిరిగి, యంత్రం వంక చూస్తూ, కరెంటు కోసం ఎదురుచూశారు. నా చేతిలోని హారతి ఆ నిశ్శబ్దంలోనే కొండెక్కింది. మా నాయనగారి కాలంలో ఊరివారికి తెలిసిన ఒక పనిని, నా కాలంలో, నా సమ్మతితోనే, వారు మరిచిపోయారని ఆ క్షణాన తెలిసింది.

ఆనాటి నుండి విద్యుత్తుతో పలికే నాదమంతటినీ నేను ఒకే గాటన కట్టి ద్వేషించాను. ఆ ద్వేషం కూడా పొరపాటేనని శ్రీనివాస్ మాండలిన్ విన్న తరువాతనే గ్రహించాను.

ఆలోచించి చూడండి. ఆ యంత్రంలోని నగారా నిజమైన నగారాయే, దాని మీద ఉన్నది చర్మమో చర్మం వంటిదో. గంట నిజమైన గంటయే. భరతుడు చెప్పిన అవనద్ధమూ ఘనమూ రెండూ అందులో ఉన్నాయి. లేనిది చేయి ఒక్కటే. శ్రీనివాస్ వాద్యంలో నాదం రాగితీగల గుండా, పరికరాల గుండా, స్పీకర్ల గుండా ప్రయాణించి వస్తుంది. కానీ దాని మొదట్లో ఒక చేయి ఉంది. ఆ చేతి వెనుక ఒక గురువు గొంతు ఉంది. పక్కవాడు ఏమి పలుకుతున్నాడో వింటున్న ఒక చెవి ఉంది. దోషం విద్యుత్తుది కాదు. చేతిని తొలగించి, ఆ తొలగింపును సౌకర్యం అనుకొన్న మనది.

అదే విద్యుత్తు మనకు మరొక రూపంలో మేలు కూడా చేసింది. 1979లో బెంగుళూరుకు చెందిన వేణువాద్యకారుడు, ఇంజనీరు రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను తయారుచేశారు. తంబుర మీటే మనిషి దొరకని చోట అది శ్రుతిని నిలిపింది. నేడు ఎందరో పిల్లలు దాని ముందు కూర్చొని సరళీ స్వరాలు నేర్చుకుంటున్నారు. అది పాడేవాడిని తొలగించలేదు. పాడేవాడికి ఆధారంగా నిలిచింది. ఆధారంగా నిలిచే యంత్రం వేరు, మనిషి స్థానంలో కూర్చునే యంత్రం వేరు. ఇంట్లో గానీ గుడిలో గానీ ఏ పరికరాన్ని తెచ్చుకొనే ముందైనా ఈ ఒక్క తేడాను గమనిస్తే చాలు.

తిరిగి నీడ వద్దకు

ఆ ఆలయంలో యంత్రం ఇంకా ఉంది. దాత సమర్పించిన దానిని తీసివేయడం తేలిక కాదు, న్యాయమూ కాదు. కానీ గత కార్తీకం నుండి ఒక ఏర్పాటు చేసుకొన్నాం. సాయంత్రపు హారతికి దాని మీట నొక్కము. వచ్చిన పిల్లలకు చేతాళాలు ఇస్తాము. పెద్దలు గంట కొడతారు. తొలిరోజుల్లో తాళం ఒక దారి, గంట ఒక దారి. ఒకరికొకరు విననిదే కలవదని పిల్లలకు వారం రోజుల్లో అర్థమయింది, పెద్దలకు కొంచెం ఎక్కువ కాలం పట్టింది. పర్వదినాలకు పొరుగూరి సన్నాయి మేళాన్ని పిలిచి, తగిన సంభావన ముందే నిర్ణయించి ఇస్తున్నాం. ఆ పెద్దాయన మనుమడు ఒకడు పట్టణంలో బ్యాండులో క్లారినెట్ వాయిస్తున్నాడని తెలిసి కబురు పంపాను. శివరాత్రికి వచ్చాడు. సన్నాయి తనకు రాదన్నాడు. “క్లారినెట్టే వాయించు నాయనా, స్వామికి అభ్యంతరం లేదు” అన్నాను. పాలకొల్లులో ఒక క్లారినెట్ వాద్యకారుని ఇంటనే కదా ఆ మాండలిన్ పుట్టింది!

ఆ రాత్రి లింగోద్భవ కాలంలో అతడు వాయించినది శాస్త్రీయంగా నిర్దుష్టమని చెప్పలేను. చేతాళాలు రెండుమార్లు తప్పాయి. అయినా హారతి కొండెక్కేదాకా నాదం ఆగలేదు. తాతగారు కూర్చున్న మెట్టు మీదనే నిలబడి వాయిస్తున్నానని అతనికి తెలియదు. నేను చెప్పలేదు. వచ్చే ఏడు చెబుతాను.

పానగల్లుకు వచ్చే యాత్రికులు ఇకముందు కూడా ‘ఆ నీడ ఏ స్తంభానిది?’ అని అడుగుతూనే ఉంటారు. ఒక్క స్తంభాన్ని తీసివేసినా స్వామి వెనుక ఆ నీడ అట్లా నిలువదని వారికి చెప్పుకుంటాను. దర్శనానికి వెళ్లినప్పుడు మీ ఊరి గుడిలో గంట మీ చేతికి అందేంత ఎత్తులో ఉంటే, ఒక్కసారి మోగించి రండి. పక్కనున్నవారు ఏ లయలో చప్పట్లు కొడుతున్నారో విని, ఆ లయలో మోగించండి.